సముద్రంలో పొలంగట్లు

మా వనపర్తి సీమలో సముద్రాలకు కొదవ లేదు. సంస్థానం నాటి పెద్ద చెరువులను కలిపి ఇక్కడివారు 'సప్త సముద్రాలు' అంటారు. శ్రీరంగాపురం దగ్గర రంగసముద్రం వుంది, కానాయపల్లి దగ్గర శంకరసముద్రం వుంది. ఖిల్లా ఘనపురం చెరువు పేరు గణపసముద్రం. అన్నీ మంచినీళ్లే. ఉప్పు లేదు, ఓడ అసలే లేదు. నిజమైన సముద్రం చూడాలంటే మేము రాత్రంతా ప్రయాణం చేయాలి. గద్వాల పక్కనుంచి పోయే కృష్ణమ్మ మాత్రం జూరాల దాటి, సోమశిల దాటి, నల్లమల కొండల మధ్యగా సాగి, చివరకు హంసలదీవి దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఆమెకున్న చుట్టరికం మాకు లేదు.

ముప్పై ఏళ్లు నేను వనపర్తిలో పిల్లలకు సాంఘికశాస్త్రం చెప్పాను. దేశాల మధ్య సముద్రపు ఒప్పందాల ప్రస్తావన వచ్చినప్పుడల్లా వెనక బెంచీనుంచి ఒక ప్రశ్న రావడం ఆనవాయితీ: "సముద్రమే లేని మనకు సముద్రపు చట్టమెందుకు సార్?" న్యాయమైన ప్రశ్నే. దానికి నేను ఎదురుప్రశ్న వేసేవాణ్ని: "మీ అమ్మ మెడలో సూత్రాల పక్కన ఏమున్నాయిరా?" ముత్యం, పగడం. రెండూ సముద్రంలో పుట్టినవే. చారులో ఉప్పు సంగతి చెప్పనే అక్కరలేదు. రైళ్లు రాకముందు ఆ ఉప్పును ఎడ్ల మీద వేసుకొని కోస్తానుంచి మెట్ట సీమలకు తెచ్చినవారు లంబాడీలు. సముద్రం మన ఊరికి రాదు గాని, సముద్రపు సరుకు రాని ఇల్లు లేదు.

సముద్రపు ఒప్పందాల కథ ఎత్తుకునే ముందు మా కాలువ కథ ఒకటి చెప్పాలి. ఎందుకంటే, ఒప్పందమనేదాన్ని కొలవడానికి మా దగ్గర ఒక కొలబద్ద వుంది. తుంగభద్ర మీద రాజోలిబండ ఆనకట్ట వున్నది. అక్కడ బయలుదేరిన కాలువ మొదటి నలభై పైచిలుకు కిలోమీటర్లు కర్ణాటకలో నడిచి, తరువాత మా గద్వాల, అలంపురం పొలాల్లోకి వస్తుంది. తుంగభద్ర నీళ్ల మీద 1944లో మద్రాసు, హైదరాబాదు ప్రభుత్వాలకు ఒడంబడిక కుదిరింది. తరువాతి కాలంలో బచావత్ ట్రిబ్యునల్ ఈ కాలువకు 17.1 టి.ఎం.సి.లు కేటాయించింది. అందులో మా వాటా 15.9. ఆయకట్టు 87,500 ఎకరాలు. అంకెలన్నీ ముచ్చటగానే వున్నాయి. కాని కాలువ చివర పొలమున్న రైతును అడిగి చూడండి. "నీళ్లు కాయితం మీద మంచిగనే పారుతున్నయి సారూ, కాల్వలనే పారుతలేవు" అన్నాడు నాతో ఒక పెద్దాయన.

ఒప్పందం మంచిదో చెడ్డదో మొదటి తూము దగ్గర నిలబడి చెప్పకూడదు. కొస పొలం గట్టు మీద నిలబడి చెప్పాలి. ఈ కొలబద్ద చేత పట్టుకొనే సముద్రం దగ్గరకు పోదాం రండి.

మోటుపల్లి అభయం

సముద్రపు న్యాయం పడమటి దేశాలవాళ్లు కనిపెట్టిందని చాలామంది అనుకుంటారు. బాపట్ల జిల్లాలో మోటుపల్లి అనే పల్లె వున్నది. కాకతీయుల కాలంలో అది పెద్ద రేవు. అక్కడ గణపతిదేవ చక్రవర్తి 1244లో వేయించిన శాసనానికి అభయశాసనమని పేరు. అందులో వున్న విషయం సంగ్రహంగా చెబుతాను.

ఆ రోజుల్లో తుఫానుకు చిక్కిన ఓడ పరాయి ఒడ్డున పగిలిందంటే, అందులోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు అన్నీ ఆ తీరపు రాజువే. పూర్వపు రాజులు అలాగే బలవంతంగా లాక్కున్నారని శాసనమే చెబుతుంది. గణపతిదేవుడు ఆ పద్ధతి మానుకున్నాడు. ధనం మనుషులకు ప్రాణం కంటె ఎక్కువ కదా, సముద్రం మీద అంత సాహసం చేసి వచ్చినవాళ్ల సొమ్ము వాళ్లకే వుండాలి, మేము తీసుకునేది నిర్ణయించిన సుంకం మాత్రమే అని మాట ఇచ్చాడు. ఎగుమతికైనా దిగుమతికైనా సుంకం ముప్పైకి ఒకటి. ఆ పైన సరుకుల జాబితా వున్నది. గంధం, కర్పూరం, పన్నీరు, దంతం, పట్టునూలు, మిరియాలు, వాటితోపాటు మనం ఇందాక చెప్పుకున్న ముత్యాలు, పగడాలు కూడా.

ఇంగ్లండులో ఈ విషయం మీద పేరుపడ్డ చట్టం 1275లో వచ్చింది. ఓడలోనుంచి మనిషి గాని, కుక్క గాని, పిల్లి గాని ప్రాణాలతో బయటపడితే ఆ ఓడను దిక్కులేని సొమ్ముగా ఎంచరాదని, సొంతదారు కోసం ఏడాది మీద ఒక రోజు సరుకు కాపాడి వుంచాలని దాని సారాంశం. మన రాజుగారు పిల్లి బతికిందా లేదా అని చూడకుండానే అంతకు 31 ఏళ్ల ముందు అభయమిచ్చాడు.

ఇంతకీ మా సీమకు దీనితో సంబంధమేమిటంటారా? నాగర్‌కర్నూలు దగ్గర నంది వడ్డెమాను వున్నది. శాసనాల్లో దాని పేరు వర్ధమానపురం. కాకతీయులకు సామంతులైన గోనవారి రాజధాని అదే. గోన బుద్ధారెడ్డి కూతురు కుప్పాంబిక మల్యాల వంశానికి కోడలై వెళ్లింది. 1276 నాటి బూదపురం శాసనం ఆమెదే. ఆమె మెట్టినింటి వంశంలో పూర్వుడైన చౌండ సేనాని, గణపతిదేవుని తొలినాళ్ల దివిసీమ దండయాత్రలో ద్వీపాన్ని కొల్లగొట్టి, ఆ పేరుతోనే బిరుదు సంపాదించాడు. ఒక తరంలో కోస్తాను కొల్లగొట్టడం బిరుదు. అదే రాజు ఏలుబడిలో కొన్నేళ్లకు కోస్తాకు వచ్చినవాణ్ని కొల్లగొట్టకపోవడం ధర్మం. సముద్రపు చట్టం చరిత్ర అంతా ఈ రెండు మాటల మధ్యనే నడిచిందంటే తప్పు లేదు.

అయితే అది ఒక రాజు ఇచ్చిన మాట. రాజు పోతే మాట పోవచ్చు. అందుకే 1358లో కొండవీటి అనపోతారెడ్డి మోటుపల్లిలో మళ్లీ అభయశాసనం వేయించవలసి వచ్చింది. ఒక్కరి దయ మీద నడిచేది అభయం, అందరూ కలిసి రాసుకొనేది ఒప్పందం. మొదటిదానినుంచి రెండవదానికి రావడానికి లోకానికి ఏడు వందల ఏళ్లకు పైగా పట్టింది.

సముద్రం ఎవడబ్బ సొమ్ము?

1494లో స్పెయిను, పోర్చుగలు కూర్చొని తమ కంటికి కనపడని సముద్రాలన్నిటినీ ఒక గీత గీసి రెండు భాగాలుగా పంచుకున్నాయి. మిగిలిన ప్రపంచాన్ని ఎవరూ అడగలేదు. తరువాత పోర్చుగీసువారు మన సముద్రంలోకి వచ్చి, తమ చీటీ లేకుండా ఏ ఓడా తిరగరాదన్నారు. ఆ చీటీ పేరు కర్తాజ్. చీటీ లేని ఓడ దొరికితే ఓడా పోయె, సరుకూ పోయె. వందల ఏళ్లుగా మన ఓడలు తిరిగిన నీళ్లలో మనమే పరాయివారి దగ్గర చీటీ తీసుకొని తిరగవలసి వచ్చిందన్నమాట.

దీనిని కాదన్నవారు డచ్చివారు. 1603లో వారు సింగపూరు దగ్గర ఒక పోర్చుగీసు ఓడను పట్టుకున్నారు. ఆ పని న్యాయమేనని వాదించడానికి హ్యూగో గ్రోషియస్ అనే యువ న్యాయవాదిని నియమించుకున్నారు. ఆయన 1609లో 'స్వేచ్ఛా సముద్రం' అనే అర్థం వచ్చే పేరుతో చిన్న లాటిను పుస్తకం ప్రకటించాడు. గాలి ఎవరిది? సముద్రమూ అంతే. ఎవరూ కంచె వేసుకొని నాది అనడానికి వీలులేదు. ఇదీ ఆయన వాదన. ఇంగ్లండులో జాన్ సెల్డెన్ 1635లో దానికి జవాబుగా సముద్రాన్ని సొంతం చేసుకోవచ్చునని ఇంకో పుస్తకం వేశాడు.

గ్రోషియస్ వాదన గొప్పదే. కాని సముద్రం అందరిదని వాదించిన డచ్చివారే తరువాత తూర్పు దీవుల లవంగాలు, జాజికాయలు ఇంకెవరూ కొనకుండా గుప్పిట్లో పెట్టుకున్నారు. ఆ దినుసులు కొనడానికి వారు పట్టుకుపోయిన సరుకుల్లో మచిలీపట్నంలో కొన్న మన నేతబట్టలు వున్నాయి. పెద్ద ఓడ వున్నవాడు స్వేచ్ఛ అంటే, చిన్న పడవవాడు కొంచెం జాగ్రత్తగా వినాలి సుమా!

చివరకు రాజీ కుదిరింది. ఒడ్డున ఫిరంగి పేలిస్తే గుండు ఎంత దూరం పోతుందో అంతవరకు తీరపు రాజుది, ఆ పైన అందరిదీ. అది లెక్కకు మూడు మైళ్లుగా స్థిరపడింది. ఇలా రెండు వందల ఏళ్లకు పైగా సముద్రపు గట్టును కొలిచింది ఫిరంగే.

గట్లు వేసిన వైనం

1945లో అమెరికా అధ్యక్షుడు ట్రూమన్ తమ తీరాన్ని ఆనుకొని సముద్రగర్భంలో వున్న చమురు, ఖనిజాలు తమవేనని ప్రకటించాడు. ఇక చూడాలి తమాషా! ఒకడు పొలంగట్టు జరిపితే పక్కవాడు ఊరుకుంటాడా? 1952లో చిలీ, పెరూ, ఈక్వడోరు తమ హక్కు 200 మైళ్లన్నాయి. మన దేశం కూడా 1956లో మూడు మైళ్లను ఆరు చేసుకుంది, 1967లో ఆరును పన్నెండు చేసుకుంది.

1958లో జెనీవాలో 86 దేశాలు కూర్చొని నాలుగు ఒప్పందాలు రాసుకున్నాయి. కాని తీరపు దేశానికి ఎన్ని మైళ్లనే ముఖ్యమైన సంగతి మాత్రం తేలలేదు. 1960లో మళ్లీ కూర్చున్నారు. ఆరు మైళ్లు సొంతం, ఆ పైన ఆరు మైళ్లు చేపల హక్కు అనే ప్రతిపాదన ఒకే ఒక్క ఓటు తక్కువై వీగిపోయింది.

అప్పుడు లేచింది ఒక చిన్న దీవి. 1967 నవంబరు 1న ఐక్యరాజ్యసమితిలో మాల్టా ప్రతినిధి ఆర్విడ్ పార్డో సుదీర్ఘంగా మాట్లాడాడు. ఏ దేశపు హద్దులోకీ రాని సముద్రగర్భం మానవజాతి అంతటికీ ఉమ్మడి వారసత్వ ఆస్తి కావాలని, లేకపోతే యంత్రాలున్న నాలుగు దేశాలే దానిని దోచుకుంటాయని ఆయన మాటల తాత్పర్యం. మా పల్లెటూరి భాషలో చెప్పాలంటే, అది ఊరందరి బంజరు, మోతుబరులు దున్నుకోవడానికి వీలులేదని.

ఆ మాటతో మొదలైన చర్చ 1973నుంచి 1982 వరకు మహాసభగా నడిచింది. 1982 డిసెంబరు 10న జమైకాలోని మాంటెగో బేలో ఒప్పందం మీద సంతకాలయ్యాయి. మొత్తం 320 అధికరణాలు. అరవయ్యో దేశం ఆమోదించిన ఏడాదికి, 1994 నవంబరు 16న, అది అమలులోకి వచ్చింది. మన దేశం 1995లో ఆమోదించింది. అమెరికా మాత్రం ఇంతవరకు చేరలేదు.

ఒడ్డునుంచి పన్నెండు సముద్రపు మైళ్లు, అంటే సుమారు 22 కిలోమీటర్లు, తీరపు దేశానికి ఇంటి వాకిలి వంటివి. అక్కడ చట్టం ఆ దేశానిదే. అయితే పరాయి ఓడ గొడవ చేయకుండా దాటిపోవచ్చు. అక్కడినుంచి 200 మైళ్ల వరకు ప్రత్యేక ఆర్థిక మండలం. అది వాకిలి కాదు, పొలం. అందులో చేపలు, సముద్రగర్భంలో గ్యాసు, చమురు తీరపు దేశానివే, దారి మాత్రం అందరిదీ. ఈ లెక్కన మన దేశానికి 20 లక్షల చదరపు కిలోమీటర్లకు పైగా సముద్రం సంక్రమించింది. కాకినాడ ఎదురుగా సముద్రంలో తీస్తున్న గ్యాసు మనదని అనగలుగుతున్నామంటే ఆ హక్కు వల్లనే.

మా వెనక బెంచీ కుర్రవాడికి కూడా ఇందులో జవాబున్నది. సముద్రం లేని దేశాలకు కూడా సముద్రానికి చేరే హక్కు వుందని ఈ ఒప్పందం ప్రత్యేకంగా ఒక భాగమే రాసింది. నేపాలు సరుకు మన కలకత్తాకు, విశాఖపట్నానికి వచ్చి దిగుతుంది. ఇక మన తెలంగాణకు తీరం లేకపోయినా, సునామీ వస్తే దేశమంతటికీ హెచ్చరిక పంపే కేంద్రం హైదరాబాదులోనే వున్నది. ఇన్‌కాయిస్ అనే ఆ సంస్థే, చేపలు ఎక్కడ దొరకవచ్చునో జాలరులకు తెలియజేస్తుంది.

తెలుగువాడు కూర్చున్న పీఠం

ఒప్పందం రాస్తే చాలదు, తగవు తీర్చే పెద్దమనుషులు కావాలి. అందుకు జర్మనీలోని హాంబర్గులో సముద్ర న్యాయస్థానం వెలసింది. 1996లో దాని తొలి న్యాయమూర్తులలో ఒకరుగా ఎన్నికైనవారు మన తెలుగువారే. ఆయన కృష్ణా జిల్లా వీరులపాడులో పుట్టిన డాక్టర్ పి. చంద్రశేఖరరావుగారు. 1999నుంచి 2002 వరకు ఆ న్యాయస్థానానికి అధ్యక్షులుగా కూడా వున్నారు. 2017 వరకు న్యాయమూర్తిగా కొనసాగి, 2018లో కన్నుమూశారు.

ఆయన అధ్యక్షులుగా వున్నప్పుడు కాముకో అనే చేపల ఓడ వ్యవహారం వచ్చింది. దక్షిణాన దూరదీవుల దగ్గర, తమ ఆర్థిక మండలంలో దొంగతనంగా చేపలు పట్టిందని ఫ్రెంచివారు 1999లో ఆ ఓడను పట్టుకున్నారు. ఓడ పనామా దేశపుది. పనామా హాంబర్గులో దావా వేసింది. 2000 ఫిబ్రవరి 7న తీర్పు వచ్చింది: 80 లక్షల ఫ్రాంకుల పూచీ తీసుకొని ఓడనూ, దాని కెప్టెనునూ వెంటనే విడిచిపెట్టండి. ఫ్రాన్సు అంతటి దేశానికి పనామా అంతటి దేశం న్యాయస్థానంలో ఎదురునిలిచిందంటే, ఫిరంగి కొలిచిన రోజులు కొంతైనా మారినట్టే.

మన ఇంటి సంగతి చూసినా అంతే. బంగాళాఖాతంలో బంగ్లాదేశుకూ మనకూ హద్దు తగాదా వుండేది. 2014 జూలైలో మధ్యవర్తుల తీర్పు వచ్చింది. తగాదాలో వున్న 25,602 చదరపు కిలోమీటర్లలో 19,467 బంగ్లాదేశు వంతుకు పోయాయి. పెద్ద దేశమైన మనం ఆ తీర్పును ఔదలదాల్చాము. మా ఊళ్లో అరగుంట గట్టు కోసం అన్నదమ్ములు జిల్లా కోర్టునుంచి హైకోర్టుదాకా పోతారు. ఆ మాట తలుచుకుంటే ఇది సామాన్యమైన సంగతి కాదు.

కొస పొలం

ఇంతవరకు మొదటి తూము దగ్గర నిలబడి మాట్లాడాను. ఇక కొసకు వెళదాం.

శ్రీకాకుళం, విజయనగరం తీరపు పల్లెలనుంచి జాలరులు ఏటా గుజరాతులోని వేరావల్‌కు వలసపోతారు. సొంత ఊళ్లో సముద్రం వున్నా, అక్కడి మరపడవల మీద కూలికి పోతారు. మా పాలమూరు జనం కృష్ణ పక్కన వుండి కూడా మట్టి పనికి బొంబాయి, పుణె పోయినట్టే. ఒకరికి ఉప్పునీరు పక్కన, ఒకరికి మంచినీరు పక్కన, వలస మాత్రం ఒక్కటే. 2018 నవంబరు నెలాఖరులో అలా వెళ్లిన మన జాలరులు ఇరవైమందికి పైగా, హద్దు దాటారని పాకిస్తాను నౌకల చేతికి చిక్కారు. వారిలో ఇరవైమంది 2020 జనవరి 6న వాఘా సరిహద్దు దాటి ఇల్లు చేరారు. పదమూడు నెలలకు పైగా వారు కరాచీ జైల్లో వున్నారు.

దాటిన హద్దు ఎక్కడున్నదని అడుగుతారేమో! కచ్ దగ్గర సర్ క్రీక్ అనే పాయ వున్నది. ఆ పాయలో రెండు దేశాల గీత ఎక్కడో ఈనాటికీ తేలలేదు. నేల మీద గీత తేలకపోతే సముద్రం మీదికి ఏ గీత లాగుతారు? పొలంలో గట్టు లేనప్పుడు పక్కవాడి పైరు తొక్కావని ఎద్దును బందెలదొడ్లో పెట్టినట్టు వున్నది వ్యవహారం. ఇది ఒకవైపు మాట కూడా కాదు. మన జైళ్లలో పాకిస్తాను జాలరులు కూడా మగ్గుతున్నారు.

ఇప్పుడు ఒప్పందం తెరిచి చూడండి. 73వ అధికరణం ఏమంటున్నది? ఆర్థిక మండలంలో పరాయి దేశపు పడవ చేపలు పట్టిందని నిర్బంధిస్తే, తగిన పూచీ తీసుకొని పడవను, మనుషులను త్వరగా విడవాలి. దేశాల మధ్య వేరే ఒప్పందం వుంటే తప్ప, ఈ నేరానికి జైలుశిక్ష వేయరాదు. భారతదేశమూ, పాకిస్తానూ రెండూ ఈ ఒప్పందంలో చేరిన దేశాలే. పన్నెండు మైళ్ల లోపలికి పోతే ఈ రక్షణ వర్తించదు, నిజమే. కాని గీతే తేలనిచోట పన్నెండో మైలు ఎక్కడుందో చేప వెంట పోయే కూలివాడికి ఎలా తెలుస్తుంది?

మరి కాముకో ఓడలాగ వీరు కూడా హాంబర్గు వెళ్లవచ్చు కదా అంటారా? అక్కడ తలుపు తట్టవలసింది పడవ ఏ దేశపుదో ఆ దేశ ప్రభుత్వమే, లేదా దాని తరఫున వెళ్లేవారే. జాలరి భార్య స్వయంగా వెళ్లి అర్జీ పెట్టుకోవడానికి వీలులేదు. పెద్ద ఓడ వెనక లక్షలు పోసే యజమాని, వకీళ్లు వుంటారు. మరపడవ మీది కూలి వెనక వున్నది ఇంటి దగ్గర పిల్లలు, తీర్చవలసిన అప్పు. అంటే ఇక్కడ కూడా నీళ్లు మొదటి తూము దగ్గర నిండుగా పారుతున్నాయి, కొస పొలానికి ఎక్కడం లేదు.

అలాగని ఒప్పందమే దండగ అనేవారితో నేను ఏకీభవించను. రాజోలిబండలో 15.9 అనే అంకె కాగితం మీద లేకపోతే మా రైతు ఏమని అడగగలడు? కాగితం మీద వాటా అంటూ వుంటేనే కాలువలో వాటా కోసం నిలదీయవచ్చు. 73వ అధికరణం కూడా అటువంటిదే. దాని పక్కన చిన్న పిల్లకాలువలు తవ్వుతున్నారు. 2008 ఒప్పందం ప్రకారం భారత, పాకిస్తాను ప్రభుత్వాలు తమ జైళ్లలో వున్న ఎదుటి దేశపు ఖైదీల, జాలరుల జాబితాలను ఏటా జనవరి 1న, జూలై 1న ఇచ్చిపుచ్చుకుంటున్నాయి. ఆ రెండు తేదీలు మనకు మామూలు రోజులే. తీరపు పల్లెల్లో కొందరు ఇల్లాళ్లకు మాత్రం అవి మనిషి బతికి వున్నాడని తెలిసే రోజులు.

ఒప్పందాలు ఇంకా పెరుగుతూనే వున్నాయి. ఏ దేశపు హద్దులోకీ రాని నడిసముద్రంలోని జీవరాశిని కాపాడటానికి 2023లో మరొక ఒప్పందం కుదిరింది. అది 2026 జనవరి 17నుంచి అమలులోకి వచ్చింది. మన దేశం 2024లో సంతకం పెట్టింది. తిమింగిలాలకూ, పగడపు దిబ్బలకూ కూడా అభయం దొరుకుతున్నదంటే సంతోషమే.

ఆ అభయం మరపడవ మీద వల లాగే కూలివాడిదాకా రావాలంటే కావలసినవి రెండే. మొదటిది సర్ క్రీక్ దగ్గర గట్టు వేయడం. రెండవది, గట్టు పడేవరకు పూచీ మీద మనుషులను విడిచిపెట్టే పద్ధతిని రెండు దేశాలూ పాటించడం. ఓడ పగిలి ఒడ్డున పడ్డవాడి సొమ్ము ముట్టనని ఒక రాజు ఎనిమిది వందల ఏళ్ల కిందట రాతి మీద రాయించాడు. చేప వెంట వచ్చి చిక్కినవాణ్ని నెలల తరబడి జైల్లో వుంచమని రెండు ప్రభుత్వాలు ఈనాడు రాసుకోలేవా? రాసుకోవడమే కాదు, రాసుకున్నదాన్ని కొస పొలందాకా పారించాలి. మా గద్వాల రైతు అడిగేది అదే, శ్రీకాకుళం జాలరి అడిగేదీ అదే.